చెన్నైలో చవక డెడికేటెడ్ సర్వర్లు అద్దెకివ్వడం: ఏ కాన్ఫిగరేషన్, ఎంత అద్దె?

అంబత్తూరు అద్దెలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అంబత్తూరులోని ఒక డేటా సెంటర్‌లో సగం ర్యాక్ (సర్వర్లు అమర్చే బీరువాలో సగం) తీసుకుని, చిన్న వ్యాపారాలకూ సాఫ్ట్‌వేర్ పనులు చేసుకునే వ్యక్తులకూ డెడికేటెడ్ సర్వర్లు (ఒక్కో యంత్రం పూర్తిగా ఒక్క కస్టమర్‌కే) నెల అద్దెకు ఇవ్వాలని అనుకుంటున్నాను. 21యూ (యూ అంటే ర్యాక్‌లో ఒక వరుస) జాగాకు, 2 కేవీఏ కరెంటుతో కలిపి నెలకు 24,000 రూపాయలు, 200 ఎంబీపీఎస్ ఇంటర్నెట్‌కు మరో 15,000 రూపాయలు అని కోటేషన్ ఇచ్చారు. రెండిటికీ జీఎస్టీ అదనం.

యంత్రాల విషయంలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో విచారించగా నాలుగు దారులు కనిపించాయి. ఇంటెల్ జియాన్ ఇ3-1230 వి2 ప్రాసెసర్ ఉన్న 1యూ సర్వర్ 18,000కు, అదే వరుసలో వి6 ఉన్నది 30,000కు, రెండు ఇ5-2680 వి4 ప్రాసెసర్లు, 128 జీబీ ర్యామ్ ఉన్నది 65,000కు దొరుకుతున్నాయి. నాలుగోది రైజెన్ 5 3600 ప్రాసెసర్‌తో సొంతంగా అమర్చుకునే యంత్రం. మొదటి మూడూ వాడినవే.

నాలుగు రకాలూ కొన్ని కొన్ని పెట్టి, ఇ3లకు 3,999, జంట ఇ5లకు 8,999 అద్దె పెడితే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నాను. జర్మనీలో హెట్జ్‌నర్ అనే హోస్టింగ్ సంస్థ వేలంలో వచ్చే సర్వర్ల ధరలు చూసిన కస్టమర్లు అంతకు మించి ఇవ్వరేమోనన్నది నా భయం. ఈ పనిలో అనుభవం ఉన్నవారు కాన్ఫిగరేషన్ గురించీ ధర గురించీ నిర్మొహమాటంగా చెప్పగలరు.

వైట్‌ఫీల్డ్ ర్యాక్

మీరు లెక్కను ప్రాసెసర్ ధర దగ్గర మొదలుపెట్టారు. సగం ర్యాక్ తీసుకునేవారికి ముందుగా అయిపోయేది జాగా కాదు, కరెంటు. కాబట్టి ఏ కాన్ఫిగరేషన్‌నైనా అది ఒక్కో వాట్‌కు ఎంత అద్దె తెస్తుందో చూసి ఎంచుకోవాలి.

2 కేవీఏ ఇచ్చారంటే అంతా వాడుకోవచ్చని కాదు. ఎనభై శాతం, అంటే సుమారు 1,600 వాట్ల దగ్గర ఆగడం క్షేమం, ఎందుకంటే కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు అన్ని యంత్రాలూ ఒకేసారి లేచి, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి. ఇ3-1230 వి6 ప్రాసెసర్ టీడీపీ (పూర్తి పనిలో వెలువడే వేడి) 72 వాట్లు. డిస్కులు, ఫ్యాన్లు, పవర్ సప్లై నష్టం కలుపుకొని పని ఒత్తిడిలో ఒక్కో సర్వర్‌కు వంద వాట్లు అనుకుందాం. అలాంటివి 16 పడతాయి. జంట ఇ5-2680 వి4లో ఒక్కో ప్రాసెసరే 120 వాట్లు, కనుక యంత్రం మొత్తానికి 350 వాట్లు వేసుకోవాలి. నాలుగు పెట్టేసరికి మీ కరెంటు అయిపోతుంది, ర్యాక్‌లో ముప్పాతిక భాగం ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీకి కూడా మీరు అద్దె కడుతూనే ఉంటారు.

ఇప్పుడు మీ కోటేషన్ అంకెలతోనే చూద్దాం. ఏమి పెట్టినా పెట్టకపోయినా నెలకు 39,000 రూపాయలు కట్టి తీరాలి. వాడిన యంత్రం ఖరీదును 30 నెలల్లో రాబట్టుకోవాలని నేను లెక్క వేస్తాను, విడిభాగాలకు ప్రతి నెలా ఖరీదులో ఒక శాతం పక్కన పెడతాను. 16 ఇ3 వి6 సర్వర్లకు యంత్రాల వాటా 16,000, విడిభాగాలకు 4,800, స్థిర ఖర్చు 39,000, వెరసి 59,800. పదహారూ అద్దెకు పోతే ఒక్కోదానికి 3,737 రూపాయల ఖర్చు. అంటే మీరు చెప్పిన 3,999కి ర్యాక్ నిండుగా ఉన్నప్పుడు సర్వర్‌కు 262 రూపాయలు మిగులుతాయి. పన్నెండే పోతే ఖర్చు 4,983కు చేరుతుంది, ప్రతి కస్టమర్ మీదా వెయ్యి రూపాయల దాకా నష్టం. మొదటి ఏడాది నాలుగోవంతు ఖాళీగా ఉంటుందని అనుకోవడం నిరాశావాదం కాదు, సాధారణ జాగ్రత్త.

జంట ఇ5 సంగతి ఇంకా స్పష్టం. నాలుగు యంత్రాలకు నెలకు 8,667, విడిభాగాలకు 2,600, స్థిర ఖర్చు 39,000 కలిపితే 50,267. ఒక్కోదానికి 12,567 రూపాయలు. ఒక్కటి ఖాళీగా ఉంటే మిగిలిన మూడింటిలో ఒక్కోదాని మీద 16,756 పడుతుంది. దాన్ని 8,999కు ఇవ్వడమంటే కస్టమర్ కరెంటు బిల్లులో కొంత మీరు కట్టడమే. పైగా దాన్ని తీసుకునేవారిలో ఎక్కువమంది దానిమీద చిన్న వీపీఎస్‌లు (ఒకే యంత్రాన్ని పంచిన వర్చువల్ సర్వర్లు) చేసి అమ్ముకునేవారే. యంత్రాన్ని ఖాళీగా ఉంచరు, ఐపీ చిరునామాలు కూడా ఎక్కువగా అడుగుతారు.

నా సలహా ఇ3 వి6నే ప్రధానంగా పెట్టుకుని, 5,499 నుంచి 5,999 మధ్య, జీఎస్టీ అదనంగా అమ్మమని. నాలుగు రకాలు పెడితే నాలుగు రకాల ర్యామ్, నాలుగు రకాల పవర్ సప్లైలు విడిగా నిల్వ ఉంచాలి. ఒకే రకమైతే ఒక పూర్తి యంత్రాన్ని విడిభాగాల కోసం అట్టిపెట్టుకుంటే చాలు.

జర్మనీ ధరతో పోటీకి దిగకండి. అక్కడి సర్వర్‌కు చెన్నై నుంచి రాకపోకల ఆలస్యం వంద మిల్లీసెకన్లకు పైనే ఉంటుంది, చెన్నై నుంచి బెంగళూరుకైతే పది లోపే. దుకాణాల బిల్లింగ్, ఆటల సర్వర్లు, ఫోన్ కాల్స్ నడిపేవారికి ఆ తేడా డబ్బు విలువ చేస్తుంది, వాళ్లే మీ కస్టమర్లు. రాత్రిపూట బ్యాకప్ తీసి దాచుకునేవారు జర్మనీకే వెళ్తారు, వెళ్లనివ్వండి. అయితే మీ ఇంటర్నెట్ సరఫరాదారు చెన్నైలోనే నిక్సీ వంటి ఎక్స్‌ఛేంజ్‌లో (నెట్ సంస్థలు ట్రాఫిక్ మార్చుకునే చోట) కలుస్తున్నాడో లేదో ముందే పరీక్షించుకోండి. పక్క వీధికి వెళ్లాల్సిన ప్యాకెట్ ముంబయి మీదుగానో సింగపూర్ మీదుగానో తిరిగి వస్తుంటే మీరు అమ్ముకోవడానికి ఆ దగ్గరితనం కూడా మిగలదు.

కోరమంగళ డెవాప్స్

నేను అద్దెకు తీసుకునే వైపు నుంచి మాట్లాడుతున్నాను. బెంగళూరులో కొన్ని చిన్న సంస్థల సర్వర్లు చూసుకోవడం నా పని.

ఇ3-1230 వి2ను చవక అని తీసుకోకండి. అది 2012 నాటి ఐవీ బ్రిడ్జ్ ప్రాసెసర్, అందులో ఏవీఎక్స్2 అనే కొత్త తరం ప్రాసెసర్ ఆదేశాలు లేవు. 2025లో వచ్చిన రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఎక్స్86-64-వి3 స్థాయి, అంటే ఏవీఎక్స్2 ఉన్న ప్రాసెసర్ తప్పనిసరి. రాకీ లినక్స్ 10దీ అదే దారి. ఆల్మా లినక్స్ మాత్రం పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒక కూర్పు ఇస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చెప్పి అడిగే కస్టమర్‌కు "ఇది తప్ప వేరే పనిచేయదు" అని చెప్పాల్సి రావడం మంచి బేరం కాదు. పైగా వి2కు 32 జీబీ ర్యామే గరిష్ఠం, వి6కు 64 జీబీ దాకా పెట్టవచ్చు. రెండూ తాగే కరెంటు దాదాపు సమానం. ధరలో ఉన్న 12,000 తేడాను పైన చెప్పిన 30 నెలలకు పంచితే నెలకు 400 రూపాయలు మాత్రమే.

నేను సర్వర్ ఎంచుకునేటప్పుడు కోర్ల సంఖ్య కంటే ముందు అడిగేది రిమోట్ కన్సోల్ గురించి. యంత్రం బూట్ కాకపోతే అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా తెర చూడగలగాలి, ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కించగలగాలి. డెల్ యంత్రాలు కొంటే ఐడ్రాక్ (డెల్ వారి రిమోట్ కన్సోల్) ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు ఉందో లేదో చూడండి, అది లేకుండా వర్చువల్ కన్సోల్ రాదు. రైజెన్ 5 3600 ఆరు కోర్లతో 65 వాట్ల తరగతిలో చక్కటి ప్రాసెసరే, ఒక్కో కోర్ వేగంలో మీ జాబితాలోని పాత జియాన్లను దాటిపోతుంది, ఆటల సర్వర్లవారు దాన్నే కోరతారు. కానీ మామూలు డెస్క్‌టాప్ బోర్డు మీద ఐపీఎంఐ (యంత్రాన్ని దూరం నుంచి నడిపే ఏర్పాటు) ఉండదు. అది ఉన్న సర్వర్ బోర్డు కొంటే మీరు అనుకున్న చవకదనం పోతుంది, కొనకపోతే ప్రతి హ్యాంగ్‌కూ డేటా సెంటర్ సిబ్బందిని పంపి వాళ్ల ఫీజు కట్టాలి. ఐపీఎంఐని బహిరంగ ఇంటర్నెట్‌లో ఉంచకుండా వీపీఎన్ వెనుక పెట్టండి. పాత ఫర్మ్‌వేర్ ఉన్న కన్సోల్ తెరిచిన తలుపే.

డిస్కుల గురించి మీరు ఒక్క మాట కూడా రాయలేదు. చవక సర్వర్లలో మాకు తలనొప్పి తెచ్చేవి అవే. 1 టీబీ శామ్‌సంగ్ 870 ఈవో ఎస్ఎస్‌డీకి 600 టెరాబైట్ల రాతలదాకా వారంటీ ఉంటుంది, అదే పరిమాణంలో చవక రకమైన 870 క్యూవోకు 360 మాత్రమే. రోజుకు 500 జీబీ రాసే డేటాబేస్ ఉంటే ఈవో మూడేళ్ల పైన వస్తుంది, క్యూవో రెండేళ్లకు రాదు. వాడిన ఎంటర్‌ప్రైజ్ ఎస్ఎస్‌డీ దొరికితే నేనైతే దాన్నే కోరతాను, ఎందుకంటే కరెంటు హఠాత్తుగా పోయినా రాతలు పోకుండా కాపాడే కెపాసిటర్లు వాటిలో ఉంటాయి. డిస్క్ తన ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో ఎన్ని గంటలు నడిచిందీ, ఎంత అరిగిందీ చూసి, అదే రిపోర్టును అద్దెకిచ్చే రోజున కస్టమర్‌కు చూపించండి. వాడిన డిస్క్ అని తెలిసి తీసుకున్నవారు గొడవపడరు. రెండు డిస్కులు పెట్టి రెయిడ్ 1 (ఒకే డేటా రెండిటిలోనూ) వేసిన సర్వర్‌కు నెలకు మూడు వందలు ఎక్కువ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు.

అంబత్తూరు అద్దెలు

ఇద్దరికీ ధన్యవాదాలు. వాట్‌కు అద్దె అన్న కోణం నాకు తట్టలేదు. వి2ను, జంట ఇ5లను పక్కన పెడుతున్నాను. మరి బ్యాండ్‌విడ్త్ ఎలా అమ్మాలి? అందరూ 1 జీబీపీఎస్, అపరిమితం అని ప్రకటిస్తున్నారు, నా దగ్గర ఉన్నది 200 ఎంబీపీఎస్. ఐపీలకు విడిగా ధర పెట్టాలా?

వైట్‌ఫీల్డ్ ర్యాక్

200 ఎంబీపీఎస్ మీద 1 జీబీపీఎస్ అపరిమితం అని రాయకండి. 100 ఎంబీపీఎస్ లైను నెలంతా నిండుగా నడిస్తే సుమారు 32 టీబీ అవుతుంది, మీ మొత్తం లైను సుమారు 65 టీబీ. పదహారు మందికి పంచితే తలా 4 టీబీ. చిన్న వ్యాపారాల సర్వర్లు అందులో కొద్ది భాగమే వాడతాయి, కాబట్టి 100 ఎంబీపీఎస్ పోర్టు మీద నెలకు 5 టీబీ ఇస్తామని నిజాయితీగా రాయవచ్చు. దాటినవారికి వేగం 10 ఎంబీపీఎస్‌కు తగ్గుతుందని ముందే చెప్పండి. దాటినందుకు జరిమానా బిల్లు పంపితే చవక సర్వర్ కస్టమర్ మరుసటి నెల ఉండడు.

మీ సరఫరాదారుతో 95వ పర్సంటైల్ బిల్లింగ్ కుదురుతుందేమో అడగండి. ఐదేసి నిమిషాల కొలతల్లో పైనున్న ఐదు శాతాన్ని వదిలేస్తారు, అంటే 30 రోజుల నెలలో 36 గంటల ఉధృతి లెక్కలోకి రాదు. రాత్రి బ్యాకప్‌లు రోజుకు గంటలోపు ముగిసేలా చూసుకుంటే మీకు అది లాభం.

ఐపీలకు తప్పకుండా విడిగా ధర పెట్టండి. ఇంటికి కరెంటు మీటరు విడిగా పెట్టినట్టే ఇది. ఎపీనిక్ (ఆసియా-పసిఫిక్‌లో ఐపీలు కేటాయించే సంస్థ) విధానం ప్రకారం కొత్త సభ్యులకు 2019 నుంచి గరిష్ఠంగా 512 ఐపీవీ4 చిరునామాలే ఇస్తున్నారు, మన దేశ రిజిస్ట్రీ ఇరిన్ ద్వారా వచ్చేవీ ఆ కోటాలోవే. మొదట్లో డేటా సెంటర్ ఇచ్చే బ్లాకుతోనే నడపండి. ఒక ఐపీవీ4 అద్దెలో కలపండి, కొత్త తరపు ఐపీవీ6 ఉచితంగా ఇవ్వండి, అదనపు చిరునామా అడిగినవారిని ఎందుకో రాయమనండి. మెయిళ్లు పంపే పోర్టు 25ను మొదట మూసి ఉంచి, అడిగినవారికి గుర్తింపు చూశాక తెరవండి. ఒక్క స్పామ్ కస్టమర్ వల్ల బ్లాకు మొత్తం స్పామ్‌హాస్ నిషేధ జాబితాకు ఎక్కితే మిగిలిన పదిహేను మంది మెయిళ్లూ ఆగిపోతాయి.

తాంబరం ఆడిటర్

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు, ఇక్కడ అదే ధరను మార్చేస్తుంది. 16 సర్వర్లు 5,499కు ఏడాదంతా పోయినా మీ టర్నోవర్ పదిన్నర లక్షల చిల్లరే. సేవలకు జీఎస్టీ నమోదు తప్పనిసరయ్యే పరిమితి 20 లక్షలు కాబట్టి నమోదు లేకుండానే నడపవచ్చని ఎవరైనా చెబుతారు. అలా చేస్తే డేటా సెంటర్ 39,000 మీద వేసే 18 శాతం, అంటే నెలకు 7,020 రూపాయలు, మీకు తిరిగి రాదు. పదహారు సర్వర్లకు పంచితే ఒక్కోదాని ఖర్చు 439 రూపాయలు పెరుగుతుంది. స్వచ్ఛందంగా నమోదు చేసుకుంటే ఆ మొత్తం ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వస్తుంది, నమోదైన కస్టమర్లు మీ ఇన్వాయిస్ మీద తామూ క్రెడిట్ తీసుకుంటారు కనుక వారికి 5,499 అంటే 5,499 మాత్రమే. నమోదు లేని వ్యక్తులకు మాత్రం అది 6,489 అవుతుంది. మీ కస్టమర్లలో ఏ రకం వారు ఎక్కువో చూసుకుని ప్రకటనలో పన్నుతో కలిపిన ధర వేయాలా, విడిగా వేయాలా తేల్చుకోండి. రిచీ స్ట్రీట్‌లో బిల్లు లేకుండా కొంటే యంత్రాల మీద క్రెడిట్ ఉండదని వేరే చెప్పనక్కర్లేదు.

రెండోది, 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాలు డేటా సెంటర్లతో పాటు వర్చువల్ ప్రైవేట్ సర్వర్, క్లౌడ్ సేవలు ఇచ్చేవారికీ వర్తిస్తాయి. కస్టమర్ పేరు, సరిచూసిన చిరునామా, కేటాయించిన ఐపీలు, అద్దె కాలం వంటి వివరాలను ఒప్పందం ముగిశాక కూడా ఐదేళ్లు ఉంచాలి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి. మీది డెడికేటెడ్ అద్దె కాబట్టి వర్తించదని వాదించుకునే కంటే మొదటి రోజు నుంచే పాటించడం తేలిక. గుర్తింపు పత్రం అడిగితే వెనక్కి తగ్గే కస్టమర్ మీకు ఎలాగూ అక్కర్లేదు.

అంబత్తూరు అద్దెలు

నమోదు చేయించుకుంటాను. మొదట ఎనిమిది ఇ3 వి6 సర్వర్లు, 32 జీబీ ర్యామ్, రెండు ఎస్ఎస్‌డీలతో కొంటున్నాను, 5,799 ప్లస్ జీఎస్టీ. ఎనిమిదే కనుక మొదట్లో చేతినుంచి పడుతుందని తెలుసు. సగం ర్యాక్‌కు బదులు పావు ర్యాక్, 1 కేవీఏ ఇస్తారేమో అడుగుతున్నాను. ఒక్క చివరి సందేహం: 64 జీబీ అడిగినవారికి ర్యామ్ ధర ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా కలపాలా?

వైట్‌ఫీల్డ్ ర్యాక్

నెలనెలా కలపండి, అయితే కనీసం ఆరు నెలల ఒప్పందం మీద. ఇ3 వి6కు అన్‌బఫర్డ్ ఈసీసీ (తప్పులు సరిదిద్దే) డీడీఆర్4 ర్యామ్ కావాలి. సర్వర్లలో ఎక్కువగా వాడే రిజిస్టర్డ్ ర్యామ్ అందులో పనిచేయదు, అందువల్ల పాత మార్కెట్‌లో తేలిగ్గా దొరకదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కూడా. నాలుగు స్లాట్లలో నాలుగు 8 జీబీలు పెట్టి ఇచ్చే యంత్రాలు కొనకండి, పెంచాలంటే అన్నీ తీసేయాలి. రెండు 16 జీబీలతో ఉన్నవే అడగండి, అవసరమైనప్పుడు మరో రెండు చేర్చితే 64 అవుతుంది.