షీట్ మెటల్ రిపేర్ మెకానిక్‌కు సొంత లైసెన్స్ ఉండాలా, కంపెనీ స్టాంప్ చాలా?

హ్యాంగర్_శంషాబాద్:

శంషాబాద్‌లో విమానాల స్ట్రక్చర్, అంటే బాడీ, రెక్కల లోహపు కట్టడం, రిపేర్ చేస్తాను. పక్షి తగిలి నొక్కుకుపోయిన రెక్క ముందు అంచు, టాయిలెట్, గ్యాలీల కింద తుప్పు పట్టిన ఫ్లోర్ బీములు, లోడర్ గుద్దిన కార్గో డోర్ చుట్టుపక్కల స్కిన్ (విమానం పై రేకు). ఇవే రోజూ నా పని.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ, సీఏఆర్-66 అనే నిబంధనల కింద ఇచ్చే లైసెన్సుల్లో స్ట్రక్చర్‌కు విడిగా ఒకటి లేదు. అది బాడీ, ఇంజన్లు చూసే బీ1 లైసెన్స్ పరిధిలోకి వస్తుంది. అందుకే టాస్క్ కార్డ్ (చేయాల్సిన పని రాసిన కాగితం) మీద పని చేసినవారి గడిలో కంపెనీ ఇచ్చిన స్టాంప్ నేను వేస్తాను, పక్కన బీ1 ఇంజనీరు సంతకం చేస్తారు. పెద్ద చెక్ (విమానాన్ని విప్పి చేసే తనిఖీ) అయితే చివరికి సీ లైసెన్స్ ఉన్నవారు విమానాన్ని ఎగరడానికి విడుదల చేస్తారు. నేను ఉద్యోగం మారితే ఆ స్టాంప్ పాత కంపెనీలోనే ఉండిపోతుంది. కొత్త చోట నాకు పని వచ్చని మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవాలి.

మెకానిక్‌కు స్ట్రక్చర్ లైసెన్స్ విడిగా ఉండాలని నా వాదన. ఎందుకో చెబుతాను. ఇంజన్ మారిస్తే రన్ చేసి చూస్తారు. హైడ్రాలిక్ పైపు మారిస్తే ప్రెషర్ పెట్టి లీక్ ఉందేమో చూస్తారు. నేను వేసిన డబులర్‌ను (దెబ్బ మీద వేసే అదనపు ప్లేట్) అలా నడిపి చూసే పరీక్ష ఏదీ లేదు. రంధ్రం అంచున మిగిలిన పదునైన బర్ తీయకుండా వదిలేసినా, అల్యూమినియం మీద తుప్పు తెచ్చే మామూలు పెన్సిల్‌తో గీత గీసినా, పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ స్క్రేపర్ బదులు లోహపు బ్లేడుతో గీకి స్కిన్‌కు గాటు పెట్టినా ఆ రోజు ఏమీ కాదు. పైన ప్లేట్, సీలెంట్, ప్రైమర్, పెయింట్ పడ్డాక ఎవరికీ కనబడదు. పగులు బయటపడేది కొన్ని వేల ఫ్లైట్ల తర్వాత. లోపల ఏముందో కళ్లారా చూసేది ఆ పని చేసిన మనిషే. అతని పేరుకు దేశం గుర్తించే విలువ ఉండాలి. మీరేమంటారు?

బీవన్_ఇంజనీర్:

మీ పని మీద గౌరవంతోనే చెబుతున్నాను, విడి లైసెన్స్ అవసరం లేదు.

స్ట్రక్చర్ రిపేర్ అంటే లోహం ఒక్కటే కాదండి. బయటి గాలి ఒత్తిడి కొలిచే స్టాటిక్ పోర్ట్ రంధ్రం దగ్గర స్కిన్ కొద్దిగా ఉబ్బినా పైలట్‌కు ఎత్తు తప్పు చూపిస్తుంది. ఆ చుట్టూ ఎంత నునుపుగా ఉండాలో మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది. తోక మీద కదిలే ఎలివేటర్‌కు ప్యాచ్ వేస్తే దాని బరువు మారుతుంది, బ్యాలెన్స్ చూడకపోతే ఫ్లట్టర్ (గాల్లో విపరీతంగా అదరడం) భయం. పిడుగు పడిన చోట రివెట్లు మార్చాక బాండింగ్, అంటే ముక్కల మధ్య కరెంటు సరిగా పారుతుందా అన్నది, కొలవాలి. ఇవన్నీ కలిపి చూసే శిక్షణ బీ1కు ఉంది. ముక్కముక్కకూ ఒక లైసెన్స్ ఇస్తూ పోతే మొత్తం విమానాన్ని చూసేవాడు ఎవరు?

పైగా మూసే ముందు స్టేజ్ ఇన్‌స్పెక్షన్ ఉంది. డ్యామేజ్ కోసి తీశాక ఒకసారి, రంధ్రాలు వేశాక ఒకసారి, ప్లేట్ బిగించే ముందు ఒకసారి. ఎవరూ చూడరనడం సరి కాదు.

బాలానగర్_ఫిట్టర్:

నాది ఐటీఐ ఫిట్టర్. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో డక్టులు, ప్యానెళ్లు చేస్తూ తర్వాత హ్యాంగర్‌కు వచ్చిన. నేను హ్యాంగర్ అన్న పక్షమే.

లారీ డ్రైవర్‌కు లైసెన్స్ ఓనర్ ఇవ్వడు, ఆర్టీఏ ఇస్తుంది. ఓనర్ మారినా డ్రైవర్ డ్రైవరే. మాకు మాత్రం పని వచ్చో రాదో చెప్పేది కంపెనీ ఒక్కటే. ఇంటర్వ్యూకు పోతే చేతిలో చూపించుకోవడానికి ఒక కాగితం ఉండదు. 'ఎన్నేళ్లు చేసినవ్' అంటారు, నోటితో చెప్పాల్సిందే.

కాని ఒక్క టెన్షన్ ఉంది అన్నా. లైసెన్స్ అంటే పరీక్షలు, ఫీజులు, ఇంగ్లిష్‌లో ప్రశ్నలు. బీ1 మాడ్యూళ్లలో (పరీక్ష పేపర్లలో) పాస్ మార్కు 75 శాతం. చేతిలో బంగారం లాంటి పని ఉండి పేపర్ రాయలేని వాళ్లు మా దగ్గర చాలామంది ఉన్నరు. రేపు లైసెన్స్ తప్పనిసరి అంటే వాళ్ల గతి ఏంది?

ఆదిబట్ల_రివెటర్:

నేను ఆదిబట్లలో కొత్త విమాన భాగాలు తయారుచేసే చోట రివెటింగ్ చేస్తాను. ఇక్కడ అపాచీ హెలికాప్టర్ బాడీలు, సీ-130జే రవాణా విమానం తోక భాగాలు తయారవుతున్నాయని అందరికీ తెలిసిందే. బయటి నుంచి చూసేవాళ్లు ఈ పనీ ఆ పనీ ఒకటే అనుకుంటారు. గన్ ఒకటే, రివెట్ వెనక పట్టే బకింగ్ బార్ ఒకటే. పనులు వేరు.

మాకు జిగ్ (భాగాన్ని సరైన చోట పట్టి ఉంచే చట్రం) ఉంటుంది. ఏ రంధ్రం ఎక్కడ రావాలో ముందే తేలిపోయి ఉంటుంది. నిన్న వేసిన రివెట్టే ఈరోజూ వేస్తాం. రిపేర్‌లో ఏ రెండు దెబ్బలూ ఒకలా ఉండవు. పాత రివెట్ డ్రిల్ చేసి తీస్తే రంధ్రం సాగి ఉంటుంది, పై సైజుకు వెళ్లాలి. పై సైజుకు వెళ్తే అంచు దూరం (రంధ్రం మధ్య నుంచి రేకు అంచు దాకా) రివెట్ వ్యాసానికి రెండింతలు మిగులుతుందా అని చూడాలి. మిగలకపోతే అక్కడితో స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ పని అయిపోయినట్టే, తయారీదారును అడగాల్సిందే. ఈ నిర్ణయాలు గన్ పట్టుకున్న మనిషి అక్కడికక్కడ గుర్తుపట్టి ఆగాలి. ఆ ఆగడం నేర్పే శిక్షణకు ఒక పేరు, ఒక స్థాయి ఉండాలని నాకూ అనిపిస్తుంది. మా లాంటి తయారీ పనికి మాత్రం దీన్ని తప్పనిసరి చేయకండి. ఆడపిల్లలు ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి వస్తున్నారు, గడప దగ్గరే ఇంకో పరీక్ష పెట్టొద్దు.

బేగంపేట_పాతకాపు:

రిటైరయ్యాను. విమానాలు బేగంపేటలో దిగే రోజుల నుంచి 2008లో శంషాబాద్‌కు మారేదాకా ఇన్‌స్పెక్షన్‌లోనే ఉన్నాను. పిల్లలు వాదించుకుంటుంటే ఒక సంగతి గుర్తు చేయాలనిపించింది.

1978లో జపాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 ఒకటి ఒసాకాలో దిగుతూ తోక నేలకు తాకించుకుంది. వెనుక ప్రెషర్ బల్క్‌హెడ్‌ను (క్యాబిన్ గాలిని ఆపే వెనక గోడ) రిపేర్ చేసింది బోయింగ్ పంపిన బృందమే. అతుకు దగ్గర ఒకే స్ప్లైస్ ప్లేట్ వేయాల్సిన చోట దాన్ని రెండు ముక్కలు చేసి వేశారు. దాంతో రెండు వరుసల రివెట్లు పంచుకోవాల్సిన లోడు ఒక్క వరుస మీద పడింది. ఆ విమానం ఆ తర్వాత 12,000కు పైగా సార్లు ఎగిరింది. 1985 ఆగస్టు 12న బల్క్‌హెడ్ చీలింది. 520 మంది పోయారు, నలుగురే బతికారు.

నా సర్వీసంతా ఆ రివెట్ల వరుస కళ్ల ముందే ఉండేది. రివెట్ తల ఎత్తు వ్యాసంలో సగం, వెడల్పు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు వచ్చిందా అని గేజ్ పెట్టి కొలిచేటప్పుడు కుర్రాళ్లు విసుక్కునేవారు. నేను కొలవడం మానలేదు.

బీవన్_ఇంజనీర్:

పెద్దాయన చెప్పింది నా వాదనకే బలం. ఆ బృందానికి లేని అధికారం ఏముంది? తయారీదారు సొంత మనుషులు. సంతకాలన్నీ ఉన్నాయి. తప్పు ప్లేట్‌లో ఉంది. ఇంకో సంతకం చేరితే ఆ ప్లేట్ సరైపోయేదా? లైసెన్స్ సంఖ్య పెంచడం కంటే స్టేజ్ ఇన్‌స్పెక్షన్ గట్టిగా జరిగేలా చూడాలి. ఇన్‌స్పెక్టర్ల సంఖ్య పెంచాలి. రాత్రి షిఫ్టులో ఒక్క మనిషి రెండు విమానాలు చూసే పరిస్థితి ఉండకూడదు. డబ్బు, శ్రద్ధ అక్కడ పెడదాం.

హ్యాంగర్_శంషాబాద్:

ఇన్‌స్పెక్టర్లు పెరగాలన్న మాటకు నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను సార్. కాని ఇంకో ప్రమాదం చూడండి. చైనా ఎయిర్‌లైన్స్ 747 కూడా తోక రాసుకుంది, 1980లో హాంకాంగ్‌లో. గీతలు పడ్డ స్కిన్‌ను కోసి తీయలేదు, పైన డబులర్ వేసి మూసేశారు. గీతల దగ్గర మొదలైన పగుళ్లు ఆ ప్లేట్ కిందే పెరిగాయి. బయటి నుంచి చూసిన ఎవరికీ కనబడలేదు. 22 ఏళ్ల తర్వాత, 2002 మే 25న, విమానం గాల్లోనే విడిపోయి 225 మంది చనిపోయారు.

ఆ గీతలు మూసేసే ముందు ఎవరో ఒక మెకానిక్ చేతిలో ప్లేట్ పట్టుకుని వాటిని చూసే ఉంటాడు. అతను ఆగి, 'ఇది మాన్యువల్ ప్రకారం లేదు, నేను వేయను' అనగలగాలి. ఇప్పుడు మన దగ్గర ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. విమానం రేపు పొద్దున్నే బయల్దేరాలని పైనుంచి ఒత్తిడి ఉన్నప్పుడు, కంపెనీ ఇచ్చిన స్టాంప్‌ను కంపెనీయే తీసేసుకోగలదని తెలిసినప్పుడు, ఆ ధైర్యం అందరి నుంచీ ఆశించలేం. లైసెన్స్ నా పేరు మీద ఉంటే తప్పు ప్లేట్ వేస్తే పోయేది నా లైసెన్సే. కాబట్టి వేయనని చెప్పే హక్కు, చెప్పాల్సిన బాధ్యత రెండూ నా దగ్గరే ఉంటాయి. నేను కోరేది ఇదే.

స్టాటిక్ పోర్టులు, బ్యాలెన్స్, బాండింగ్ గురించి మీరు చెప్పింది నిజం. విమానం మీద మీ సంతకం మీదే ఉండనివ్వండి. నేను వేసిన రిపేర్ మీద నా సంతకం ఉండాలంటున్నాను.

టొరంటో_నుంచి:

మలక్‌పేట వాణ్ని, ఇక్కడ స్ట్రక్చర్స్‌లోనే పని. మీరు అడుగుతున్న లైసెన్స్ కెనడాలో ఉంది. అక్కడి నియంత్రణ సంస్థ ట్రాన్స్‌పోర్ట్ కెనడా ఇచ్చే ఏఎంఈ (విమాన మెయింటెనెన్స్ ఇంజనీర్) లైసెన్స్‌లో ఎం1, ఎం2, ఈ, ఎస్ అని రేటింగులు ఉంటాయి. ఎస్ అంటే స్ట్రక్చర్స్. అది ఉన్నవారు స్ట్రక్చర్ పనికి సంతకం పెట్టొచ్చు. అయితే పెద్ద విమానాల మీద లైసెన్స్ ఒక్కటే చాలదు, పనిచేసే సంస్థ కూడా విడిగా అధికారం ఇవ్వాలి. అంటే మెకానిక్ సొంతంగా విమానాన్ని విడుదల చేసే పరిస్థితి రాదు.

అమెరికాలో ఇంకో దారి. అక్కడ రిపేర్‌మ్యాన్ సర్టిఫికెట్ ఉంది కాని అది ఉద్యోగం ఇచ్చిన సంస్థతో ముడిపడి ఉంటుంది, ఉద్యోగం వదిలితే చెల్లదు. అంటే మన స్టాంప్‌కు దగ్గర. యూరప్ పద్ధతిలో కూడా విడి స్ట్రక్చర్ లైసెన్స్ లేదు, మన సీఏఆర్-66 దాని నమూనాలోనే ఉంది. అయినా కెనడాలో ఉన్నప్పుడు ఇక్కడ మార్చడం అసాధ్యమేమీ కాదని నా మాట.

బాలానగర్_ఫిట్టర్:

టొరంటో అన్నా, చాలా థ్యాంక్స్. ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పని తగ్గేది కాదు. 2023లో ఇండిగో ఒక్కటే ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం విమానాలు 500 ఆర్డర్ చేసింది, ఎయిర్ ఇండియా 470 అన్నది. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350లో సగానికి సగం కాంపోజిట్ (కార్బన్ ఫైబర్ లాంటివి) అయినా, ఏ320 బాడీ ఇప్పటికీ అల్యూమినియమే. విడిభాగాల మీద జీఎస్టీ 2024 జులైలో అన్నిటికీ 5 శాతం చేసిన్రు. పెద్ద తనిఖీలకు బయటి దేశాలకు పోయే విమానాలు ఇక్కడే ఆగాలనే కదా. మరి వాటిని బాగుచేసే చేతుల లెక్క ఎవరి దగ్గర ఉంది?

చెవుల సంగతి కూడా రాయాలి. రివెట్ గన్ శబ్దం, వేళ్లు తిమ్మిరెక్కడం, క్రోమేట్ ప్రైమర్ దుమ్ము. క్రోమేట్ క్యాన్సర్ కారకం. లైసెన్స్ ఉంటే ఆ మనిషి ఎన్నేళ్లు ఏ పని చేసిండో రికార్డు ఉంటది. రేపు ఆరోగ్యం చెడితే ఆ రికార్డే ఆధారం.

బీవన్_ఇంజనీర్:

ఆరోగ్యం గురించి మీరు చెప్పింది నేను ఆలోచించని కోణం, అది చాలా ముఖ్యమైనది.

లైసెన్స్ వద్దన్న నా మాట మాత్రం మారలేదు. కెనడాలో సంస్థ కూడా అధికారం ఇవ్వాల్సి వచ్చినప్పుడు, సంస్థ ఒత్తిడి అక్కడా ఉంటుంది కదా. 'వేయను' అనగలిగే ధైర్యం కాగితంతో రాదు, పక్కన నిలబడే ఇంజనీరుతో వస్తుంది. నేను చేయగలిగింది చెబుతాను. ప్రతి మెకానిక్ సొంత లాగ్‌బుక్ పెట్టుకోండి. నా కళ్ల ముందు జరిగిన రిపేర్లకు నేను సంతకం చేస్తాను.

హ్యాంగర్_శంషాబాద్:

అది పెద్ద మాట సార్, తప్పకుండా పెట్టుకుంటాం. ఫిట్టర్ తమ్ముడూ, రివెటర్ చెల్లెమ్మా, లాగ్‌బుక్‌లో వీటిని రాయండి: విమానం రకం, డ్యామేజ్ ఎక్కడ, ఫ్రేమ్, స్ట్రింగర్ (బాడీ లోపలి పక్కటెముకలు, పొడవు పట్టీలు) నంబర్లు, మాన్యువల్ అధ్యాయం, వాడిన షీట్ ఏ అల్యూమినియం మిశ్రమం (2024నా, 7075నా), మందం ఎంత, ఏ ఫాస్టెనర్లు. ఫ్రీజర్‌లో పెట్టే రివెట్లు (బయట ఉంటే గట్టిపడతాయి) వాడితే బయటికి తీసిన సమయం కూడా. మూసే ముందు ఎవరు చూశారో తప్పకుండా రాయండి.

అయితే ఆ పుస్తకం మా గేటు దాటాక ఎవరు ఒప్పుకుంటారన్నది ఇంకా తేలలేదు. డీజీసీఏ సీఏఆర్ మార్చే ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. మనమే ముందుగా ఒక వినతి పంపుదాం. మొదటిది, స్ట్రక్చర్ రేటింగ్ రిపేర్ పనికి మాత్రమే, తయారీకి కాదు. రెండోది, ఇప్పటికే పనిచేస్తున్నవారికి రాత పరీక్షతో పాటు చేతి పని పరీక్ష, ప్రశ్నలు తెలుగులో కూడా. మూడోది, వినికిడి, క్రోమేట్ పరీక్షల రికార్డు. బీవన్ సార్, లైసెన్స్ అంశం మీద మీ అభ్యంతరాన్ని మీ మాటల్లోనే అందులో చేర్చుతాను, రాసి పంపండి. టొరంటో అన్నా, ఎస్ రేటింగ్ సిలబస్‌లో ఏమేం ఉంటాయో అంశాల జాబితా ఇక్కడ పెట్టగలరా?