అప్‌డేట్: వైజాగ్ నుంచి మా ఎనిమిది మందికీ క్రూజ్ దొరికింది

"ఎనిమిది మంది స్నేహితులం, వైజాగ్ నుంచి ఓడలో చెన్నై వెళ్లాలి, తక్కువలో ఎలా?" అని అడిగాను కదా. బుక్ అయిపోయింది! పుదుచ్చేరి మీదుగా వెళ్తుంది. 2023లో ప్రారంభమైన మన క్రూజ్ టెర్మినల్‌లోనే ఎక్కుతాం.

కిటికీ లేని లోపలి గదులే తీసుకున్నాం. పగలంతా డెక్ మీదే ఉంటాం, నిద్రకి కిటికీ ఎందుకు? గదికి నలుగురం సర్దుకుంటే మూడో, నాలుగో మనిషికి ఛార్జీ బాగా తగ్గుతుందని మీలో ఒకరు చెప్పారు, ఆ మాటే మమ్మల్ని గట్టెక్కించింది. చాలా థ్యాంక్స్ అండీ.

ఒక్క జాగ్రత్త: మొదట కనిపించే ధర చూసి అందరి దగ్గరా డబ్బులు వసూలు చేయకండి. పోర్టు ఛార్జీలు, టిప్పులు, జీఎస్టీ కలిపాక మా లెక్క మారిపోయింది. మళ్లీ ఏడుగురికీ ఫోన్లు చేశాను. భోజనం టికెట్‌లోనే ఉంది.

ఇక చెన్నై నుంచి తిరుగు రైలు టికెట్లు తీయాలి.