డిక్కీలో ఇంకో 12 వోల్టుల సాకెట్: ఉన్న వైరుకే కలపొచ్చా, బ్యాటరీ నుంచి లాగాలా?

హైవేబాటసారి:
పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. గేరు రాడ్డు ముందు ఒకే ఒక్క 12 వోల్టుల సాకెట్ ఉంది, మూత మీద 120 వాట్లు అని రాసుంది. డిక్కీలో ఇంకోటి పెట్టించాలి. దానికి తగిలించేవి: కంప్రెసర్ ఉన్న చిన్న ఫ్రిజ్ (60 వాట్లు), వెనక సీటు వాళ్లకి 45 వాట్ల టైప్-సి ఛార్జరు, అవసరమైనప్పుడు టైరుకి గాలి కొట్టే పంపు (డబ్బా మీద 12 ఆంప్స్). ముందు సాకెట్ వెనకున్న వైరు చెక్కి, జాయింట్ వేసి వెనక్కి లాగేద్దాం, 15 ఆంప్స్ ఫ్యూజ్ చాలకపోతే 25 వేద్దాం అంటున్నాడు పని చేసే అతను. చేయించొచ్చా? కాదంటే ఎంత సైజు వైరు, ఎక్కడి నుంచి తీసుకోవాలి?

తీగలపని:
25 మాత్రం వేయనివ్వకండి. ఫ్యూజ్ ఉండేది వైరును కాపాడటానికి. కంపెనీ ఆ సాకెట్‌కి వేసిన వైరు 15కి సరిపడేది. అక్కడ 25 పెడితే 20 ఆంప్స్ పారుతున్నా ఫ్యూజ్ కదలదు, డాష్‌బోర్డు లోపల కట్టలో ఉన్న వైరు మాత్రం వేడెక్కి తొడుగు మెత్తబడుతుంది. అక్కడ పొగ వస్తే చెయ్యి పట్టే చోటు కూడా ఉండదు.

ముందు లెక్క వేయండి. ఫ్రిజ్ 5 ఆంప్స్. ఛార్జరు 45 వాట్లు బయటికి ఇవ్వాలంటే లోపల పోయేది కూడా కలుపుకొని దాదాపు 4 లాగుతుంది. మొత్తం 9. పంపు 12 కలిపితే 21. ఆ పంపును ఈ లెక్కలోంచి తీసేయండి. 120 వాట్లంటే 10 ఆంప్సే కాబట్టి ముందు సాకెట్‌కి కూడా అది ఎక్కువే. పంపుతో పాటు బ్యాటరీకి పెట్టుకునే క్లిప్పుల వైరు వచ్చి ఉంటే అదే వాడండి, ఇంజను ఆన్‌లో ఉంచి.

మిగిలిన 9 ఆంప్స్‌కి బ్యాటరీ నుంచి విడిగా ఒక లైను, 15 ఆంప్స్ ఫ్యూజ్. వైరు సైజు దగ్గరే చాలామంది పొదుపు చేస్తారు. బోనెట్ నుంచి డిక్కీ దాకా గుమ్మం అంచు వెంట తిప్పుకొస్తే 5 మీటర్లు అవుతుందనుకుందాం. 9 ఆంప్స్ పారితే 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 0.77 వోల్టులు దారిలోనే పోతాయి. 2.5 వేస్తే 0.31, 4 వేస్తే 0.19. ఇంజను ఆపాక బ్యాటరీ 12.2 దగ్గర ఉందనుకోండి, సన్న వైరు చివర ఫ్రిజ్‌కి కనిపించేది 11.4. ఫ్రిజ్‌లో వోల్టేజీ రక్షణ (బ్యాటరీ మరీ దిగిపోకుండా ఫ్రిజ్‌ను ఆపే సెట్టింగు) 'హై'లో ఉంటే బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోవచ్చు. కాసేపటికి వోల్టేజీ లేవగానే మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం. ఫ్రిజ్ పాడైందని షాపుకి పట్టుకెళ్లే కేసుల్లో చాలావరకు ఇదే. 2.5 చాలు, 4 దొరికితే ఇంకా మంచిది. అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు అంటగడతారు. కొసను బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా కనిపిస్తే వద్దు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలి. ఫ్యూజ్ హోల్డరు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు లోపే ఉండాలి, మూత ఉన్న వాటర్‌ప్రూఫ్ రకం. ఫ్యూజ్ కంటే ముందున్న వైరు ముక్క ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ ఉండదు, అందుకే అంత దగ్గర. బోనెట్ నుంచి లోపలికి ఉన్న రబ్బరు గ్రోమెట్‌లోంచే (వైరు ఒరుసుకోకుండా రేకు కన్నానికి తొడిగే రబ్బరు రింగు) తేవాలి. రేకుకి కొత్త కన్నం వేస్తే దానికి కూడా గ్రోమెట్ తప్పనిసరి. పెడల్స్ దగ్గర, స్టీరింగ్ కింద వైరు వేలాడకూడదు. పసుపు తొడుగు, పసుపు కనెక్టరు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌దో సీటుబెల్టు లాగే యంత్రానిదో, దాని జోలికి వెళ్లొద్దు, మీ వైరును దానికి కట్టొద్దు. వైరు మొత్తం నల్ల ముడతల గొట్టంలోనే నడపండి. కారు కింద నుంచి మాత్రం లాగొద్దు, సైలెన్సర్ వేడి, రాళ్ల దెబ్బ రెండూ అక్కడే.

సాకెట్ బాడీకి సాధారణంగా 28 నుంచి 29 మిల్లీమీటర్ల కన్నం కావాలి, కానీ చేతిలో ఉన్న సాకెట్ కొలిచాకే డ్రిల్లు పట్టుకోండి. వెనక కనీసం 6 సెంటీమీటర్ల లోతు, దాని మీద వైరు వంగడానికి చోటు. నడిమి పిన్ను ప్లస్, చుట్టూ ఉన్న గొట్టం మైనస్. తిరగేస్తే ఛార్జరు మొదటిసారికే పోవచ్చు. కనెక్షన్లకి 6.3 మిల్లీమీటర్ల స్పేడ్ లగ్గులు (వైరు కొసకి వేసే చదునైన లోహపు తొడుగులు), వాటిని నొక్కి బిగించే సరైన క్రింపింగ్ ప్లయర్‌తో. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు కుదుపులకి వదులవుతుంది. వదులైన జాయింటుకి కరెంటు తగ్గదు, వేడి మాత్రం పెరుగుతుంది.

ఫ్యూజ్‌బాక్సు:
పై జవాబుతో నాకు పేచీ లేదు, ఫ్రిజ్‌కి అదే దారి. కానీ ఛార్జరు ఒక్కటే అయితే బోనెట్ దాకా పోనక్కర్లేదు, లోపలి ఫ్యూజ్ బాక్సులో ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ గూట్లో దూర్చి కొత్త లైను తీసుకునే అడాప్టరు) చాలు. ఇది చదివేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది అదే కాబట్టి రాస్తున్నా.

ట్యాప్‌లో రెండు ఫ్యూజులు ఉంటాయి. పాత లైనుది ఒకటి, మీ కొత్త లైనుది ఒకటి. దాన్ని ఎటు తిప్పి దూర్చినా పని చేస్తుంది, చిక్కంతా అక్కడే. సరిగ్గా పెడితే కరెంటు వచ్చే కాలు నుంచి రెండు ఫ్యూజులకీ విడివిడిగా వెళుతుంది. తిరగేసి పెడితే మీ కొత్త లోడు కూడా పాత ఫ్యూజ్ గుండానే పోతుంది. ఎప్పుడో రెండూ కలిసి లాగిన రోజు పాత ఫ్యూజ్ ఎగిరిపోతుంది, కారణం అర్థం కాదు.

పరీక్ష సులువు. ట్యాప్ పెట్టి, తాళం తిప్పి, ట్యాప్‌లోంచి పాత ఫ్యూజ్ ఒక్కటే పీకేయండి. కొత్త వైరు కొసలో 12 వోల్టులు ఇంకా చూపిస్తోందంటే పెట్టింది సరైన వైపే. చచ్చిపోయిందంటే ట్యాప్ తీసి తిప్పి పెట్టండి.

ఇంకో సంగతి, బ్లేడు సైజు. మినీ, లో-ప్రొఫైల్ మినీ, మైక్రో-2 చూడటానికి ఒకేలా అనిపించినా కొలతలు వేరు. పట్టనిది బలవంతంగా దూరిస్తే లోపలి పట్టీ విచ్చుకుంటుంది, తర్వాత అసలు ఫ్యూజ్ పెట్టినా వదులుగానే ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ గూళ్లు ముట్టుకోవద్దు. వెనక వైపరు, ముందు సాకెట్ లాంటివి ఎంచుకోండి. మినీ ట్యాప్‌ల మీద ఎక్కువగా 10 ఆంప్స్ హద్దు రాసి ఉంటుంది, అది దాటొద్దు.

హైవేబాటసారి:
చాలా థాంక్స్ అండీ. 25 ఆలోచన మానేశాం. ఇంకో రెండు సందేహాలు. రాత్రి కారు ఆపాక కూడా ఫ్రిజ్ నడవాలా వద్దా అన్నది నా ఇష్టం మీద ఉండాలంటే ఎలా? మైనస్ వైరు కూడా బ్యాటరీ దాకా లాగాలా?

వోల్టుమీటరు:
రెండో దానికి ముందు. లాగొద్దు. ఈమధ్య చాలా కార్లలో బ్యాటరీ మైనస్ టెర్మినల్ మీద చిన్న సెన్సరు ఉంటుంది, ఎంత కరెంటు పోయిందో కొలుస్తుంది. మీ మైనస్ నేరుగా టెర్మినల్‌కి బిగిస్తే ఆ లోడు దాని లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుతుంది. డిక్కీలోనే బాడీకి ఎర్త్ ఇవ్వండి. టెయిల్ ల్యాంపు వెనక కంపెనీ ఎర్త్ బోల్టు ఉంటే అది మేలు. లేకపోతే గట్టి రేకు మీద పెయింటు గీకి మెరిసే లోహం కనిపించాక రింగు లగ్గు, పళ్ల వాషరు, ఎం6 బోల్టు. బిగించాక పైన గ్రీజు రాయండి, తుప్పు పట్టదు. సీటుబెల్టు బోల్టు కింద పెట్టొద్దు, డిక్కీ తలుపు మీద కూడా వద్దు.

మొదటి దానికి మూడు స్థానాల స్విచ్చు, నాలుగు కాళ్ల 30 ఆంప్స్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద లైనును కలిపే, తెంచే పెట్టె; కాళ్ల నంబర్లు దాని మీదే ఉంటాయి). రిలే 30వ కాలుకి బ్యాటరీ నుంచి వచ్చే లైను, 87 నుంచి డిక్కీకి, 85 ఎర్త్, 86 స్విచ్చు నడిమి కాలికి. స్విచ్చు ఒక పక్క తాళం తిప్పితే వచ్చే లైను (పైన చెప్పిన ట్యాప్‌తో, 3 ఆంప్స్ ఫ్యూజ్ చాలు, రిలే లోపలి కాయిల్ లాగేది 0.2 ఆంప్స్ లోపే). రెండో పక్క ఎప్పుడూ ఉండే లైను, దానికీ విడిగా 3 ఆంప్స్ ఫ్యూజ్. మధ్యలో పెడితే ఆఫ్. డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చే భాగం) ఉన్న రిలే అయితే 85, 86 తారుమారు చేయకూడదు, మీద గుర్తు ఉంటుంది.

ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలనుకుంటే ఇది చూసుకోండి: కంప్రెసర్ పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు తిరిగితే సగటున 2 ఆంప్స్. పది గంటలకి 20 ఆంపియర్-అవర్లు (ఆంప్స్‌ని గంటలతో గుణిస్తే వచ్చేది). 45 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో అది దాదాపు సగం. స్టార్టింగ్ కోసం చేసిన బ్యాటరీ అంత లోతుకి పదేపదే దిగితే తట్టుకోదు. 11.8 నుంచి 12 వోల్టుల మధ్య కోసేసే కట్-ఆఫ్ పెట్టె సాకెట్ ముందు పెట్టండి, లేదా ఫ్రిజ్ సెట్టింగు 'హై'లో ఉంచండి. పెట్టె పెట్టినా వైరు సన్నదైతే అది కూడా తప్పుగానే చదువుతుంది.

తీగలపని:
అంతా అయ్యాక ఫ్రిజ్ తిరుగుతుండగా కొలవండి, ఖాళీ సాకెట్‌లో 12.6 కనిపిస్తే తేలేది ఏమీ లేదు. బ్యాటరీ దగ్గర ఒకటి, సాకెట్ దగ్గర ఒకటి. తేడా అర వోల్టు దాటితే మీటరు ఒక మొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సాకెట్ నడిమి పిన్ను మీద పెట్టండి, పొడవు చాలకపోతే ఏదో వైరు ముక్క కలుపుకోండి. తేడా అక్కడే కనిపిస్తే ఫ్యూజ్ హోల్డరు, రిలే, లగ్గులు చూడండి. అక్కడ లేకపోతే ఎర్త్ దగ్గర పెయింటు సరిగ్గా గీకలేదన్నమాట.

ఇరవై నిమిషాలయ్యాక ప్లగ్గు పట్టుకు చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, వేలు పెట్టలేకపోతే ప్లగ్గు మొనలో స్ప్రింగు వదులైంది. ఈ రకం ప్లగ్గు కుదుపులకి నెమ్మదిగా వెనక్కి జారుతుంది. ఫ్రిజ్ ఎప్పుడూ డిక్కీలోనే ఉంటుందనుకుంటే దానికి మాత్రం ఆండర్సన్ రకం కనెక్టరు (రెండు సగాలూ గట్టిగా పట్టుకునే ప్లగ్గు) వేసి, సాకెట్‌ను ఛార్జరుకి వదిలేయండి.

ఫ్యూజ్‌బాక్సు:
హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్ల వాళ్లు: నారింజ రంగు కేబుల్ ఎదురైతే పని అక్కడే ఆపండి, అది వందల వోల్టులు. వాటిలోని 12 వోల్టుల బ్యాటరీ చాలావాటిలో చిన్నది, పై ఫ్రిజ్ లెక్క దానికి పనికిరాదు.