ఒంటరి క్యాంపెయిన్‌లో మొరేల్ పాచిక మాటే ఆఖరా?

ఒంటరి_జనరల్:
బల్ల మీద బొమ్మ సైనికులతో వాటర్లూ క్యాంపెయిన్ (నెపోలియన్ ఆఖరి యుద్ధాల వరస) ఒక్కడినే ఆడుతున్నాను, రెండు వైపులా నేనే. నిన్న రాత్రి నెపోలియన్ మేటి దళం, గార్డు బెటాలియన్ గట్టు ఎక్కుతోంది. మొరేల్‌కి, అంటే దళం పారిపోకుండా నిలబడాలంటే, రెండు పాచికల మీద 5 అయినా రావాలి, 3 పడింది. చూసేవాళ్ళెవరూ లేరు కదా అని మళ్ళీ వేశాను, 9. గెలిచాను గానీ, తర్వాత ఆట మీద మనసు పోవట్లేదు. ఒక్కడే ఆడేటప్పుడు పాచికను కాదనొచ్చా?

పాత_మస్కెట్:
కూడదండీ. రెండు వైపుల ఎత్తులూ మీకే తెలుసు. బల్ల దగ్గర మీ మాట విననిది పాచిక ఒక్కటే, దాని నోరూ నొక్కేస్తే ఇంక ఎవరితో ఆడుతున్నట్టు? అయినా 1815 జూన్ 18 సాయంత్రం జరిగింది అదే కదా. గార్డు వెనక్కి తగ్గుతోందన్న కేక వినగానే ఫ్రెంచి వరుసలన్నీ చెదిరిపోయాయి.

రంగుల_డబ్బా:
చెప్పడం తేలికే. ఆ 24 బొమ్మలకి రంగులు వేయడానికి నాకు మూడు నెలలు పట్టింది, మొదటి పాచికకే పారిపోతే ప్రాణం ఉసూరుమంటుంది. నేనైతే జనరల్ బొమ్మని ఆ బెటాలియన్ పక్కన నిలబెట్టి రెండోసారి వేస్తాను. అందులో రెండు ఒకట్లు పడితే జనరల్ పోయినట్టే. ఊరికే మళ్ళీ వేస్తే మాత్రం దొంగాటే.

పటాల_పిచ్చి:
బల్ల మీద పాచికే, ఒప్పుకుంటా. నా గొడవ యుద్ధానికీ యుద్ధానికీ మధ్య మొరేల్ గురించి. చాలామంది ఓడిన సైన్యానికి క్యాంపెయిన్ అయ్యేదాకా 2 పాయింట్లు కోసేస్తారు. అలా అయితే 1815 జూన్ 16న లిన్యీలో నెపోలియన్ చేతిలో ఓడిన ప్రష్యన్లు రెండు రోజుల్లో వాటర్లూ రణరంగంలోని ప్లాన్స్‌న్వా ఊరికి వచ్చి ఫ్రెంచి కుడి పక్క మీద పడేవాళ్ళా? అదే ప్రష్యా 1806 అక్టోబర్ 14న యేనా, ఔవర్‌స్టెట్‌లలో ఓడాక ఆ క్యాంపెయిన్‌లో మళ్ళీ కోలుకోలేదు. 28న ప్రెంజ్‌లౌ దగ్గర ప్రష్యన్ సేనాని హోహెన్‌లోహె ఆయుధాలు దింపేశాడు. అప్పుడు తరుముడు ఆగలేదు, లిన్యీ తర్వాత ఆ రాత్రి వెంటపడినవాళ్ళు లేరు. అందుకే నా రూల్: శత్రువు గుర్రాలు వెనక లేని రాత్రికి ఒక పాయింట్ తిరిగొస్తుంది, ఉంటే సున్నా.

పాత_మస్కెట్:
బాగుంది. కానీ తరమాలా వద్దా అని తేల్చేదీ మీరే కదా, మీకు నచ్చిన పక్షం తెల్లారేలోపే బయల్దేరుతుంది! లిన్యీ తర్వాత ఫ్రెంచి మార్షల్ గ్రూషీకి తరమమని ఆజ్ఞ వచ్చేసరికి జూన్ 17 మధ్యాహ్నం దగ్గరపడింది. ఆ ఆలస్యానికీ ఒక పాచిక పెట్టండి: 1, 2 పడితే మధ్యాహ్నం, 3 నుంచి 5 దాకా తెల్లవారి, 6కి మాత్రమే ఆ రాత్రే.

పటాల_పిచ్చి:
దెబ్బ కొట్టారు గురువుగారూ. రాసుకున్నా.

ఒంటరి_జనరల్:
బల్ల ఇంకా ఎత్తలేదు. గార్డును గట్టు దింపేసి, ఆ 3 దగ్గర్నుంచే ఆడుతున్నాను. జనరల్ దూరంగా ఉన్నాడు కాబట్టి రంగుల_డబ్బా గారి రూల్ కూడా పనికిరాలేదు. ఇప్పుడే పక్క బెటాలియన్‌కి వేశాను. 4.