వేడ్‌కీ వాటర్‌కీ చుట్టరికం ఉందా?

పాతపలక:
మా మేనకోడలు పోటీ పరీక్షకి చదువుతోంది. దాని కోచింగ్ మెటీరియల్లో ఇలా ఉంది: “వేడ్ అంటే నీళ్ళలో నడవడం. వాటర్ నుంచి పుట్టింది. ఇన్వేడ్‌తో సంబంధం లేదు.” మొదటి ముక్క సరే, మిగతా రెండూ తప్పన్నాను. “అచ్చులో ఉంటే తప్పంటావేంటి మావయ్యా” అని నవ్వేసి పోయింది. నా పరువు మీ చేతుల్లో ఉంది.

కాలవగట్టు:
నన్నడిగితే పాప పుస్తకమే రైటు. చేపలు పట్టేవాళ్ళు తొడల దాకా తొడుక్కునే రబ్బరు బూట్లు వేడర్స్. నీటి అంచున తిరిగే పొడుగుకాళ్ళ పిట్టలు వేడర్స్. నీళ్ళు లేని వేడ్ ఒక్కటి చూపించండి. అరబీలో వాదీ అన్నా వాగే. మన వాగు సరేసరి. ‘వ’ ఉన్నచోటల్లా తడి తగుల్తోంది కదా!

మూడోబెంచి:
ఆ లెక్కన వంకాయ కూడా నీళ్ళలోంచే వచ్చుండాలి.

పోలిక చూసి చుట్టరికం కలపకూడదండీ, హల్లులు చూడాలి. పక్కనే ఉన్న జర్మన్‌ని అడుగుదాం. వాటర్‌ని వాళ్ళు వాసర్ అంటారు. వేడ్‌ని వాటెన్ అంటారు. ఇంగ్లీషు ‘ట’ అక్కడ ‘స’ అయింది (ఈట్‌కి ఎస్సెన్), ఇంగ్లీషు ‘డ’ అక్కడ ‘ట’ అయింది (రైడ్‌కి రైటెన్). ఇది వందల మాటల్లో కనిపించే పద్ధతి. అంటే వాటర్, వేడ్ మొదట్నించీ వేరు వేరు హల్లులున్న వేరు వేరు మాటలు. వాటర్‌కి మన ఇంట్లో చుట్టం కావాలంటే సంస్కృతం ఉదకం ఉంది. వాదీది అసలు వేరే కుటుంబం. స్పెయిన్‌లో గ్వాదల్‌క్వివిర్ నది పేరులో ఉన్నది ఆ అరబీ మాటే, ‘పెద్ద వాగు’ అని.

వేడ్‌కి అసలు అన్న లాటిన్ ‘వాదెరె’, అంటే వెళ్ళడం, అంతే. లోపలికి వెళ్తే ఇన్వేడ్, తప్పించుకుని బయటికి పోతే ఇవేడ్, అంతటా పాకితే పర్వేడ్. ఈ మూడూ లాటిన్ నుంచి తర్వాత వచ్చినవి. వేడ్ మాత్రం ఇంగ్లీషు ఇంటి బిడ్డ. ఒకే తాత, రెండు వీధులు.

కాలవగట్టు:
వెళ్ళడం అయితే నీళ్ళెప్పుడు తగిలాయి మరి? లాటిన్లోనే ‘వాదుమ్’ అంటే నదిని కాళ్ళతో దాటే చోటు. పాత ఇంగ్లీషు కవిత్వంలో ‘వాద్’ అంటే సముద్రం, నీళ్ళు. రెండు వీధుల్లోనూ తడి ఉంటే తాతగారింట్లో బావి లేదంటారా?

మూడోబెంచి:
ఇది గట్టి ప్రశ్న. ఒప్పుకుంటున్నా. కానీ పాత ఇంగ్లీషు క్రియ ‘వాదన్’ నీళ్ళు లేకుండా కూడా తిరిగేది. మీరడిగిన ఉదాహరణ ఇదిగో.

991లో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర వైకింగులకీ ఇంగ్లీషు వాళ్ళకీ యుద్ధం జరిగింది. దాని మీద పాత ఇంగ్లీషులో కావ్యం ఉంది, మొదలూ చివరా పోయి మధ్య భాగం మిగిలింది. వైకింగులు నది పాయలో దీవి మీదున్నారు. పోటు తీశాక ఇరుకు దారి తేలింది. దాటనివ్వమన్నారు, ఇంగ్లీషు నాయకుడు బిర్ట్‌నాథ్ పౌరుషానికి పోయి సరేనన్నాడు. అక్కడ కవి, ఆ వైకింగు తోడేళ్ళు నీళ్ళని లెక్కచెయ్యకుండా ‘వాదన్’ చేశాయంటాడు. ఇది మీ పక్షం. నలభై పాదాలు దాటాక బిర్ట్‌నాథ్ ఈటె విసురుతాడు. అది శత్రువు మెడలోంచి ‘వాదన్’ చేస్తుంది. అదే క్రియ! మెడలో నీళ్ళు లేవు కదా. అడ్డుగా ఉన్నదాన్ని తోసుకుంటూ ముందుకు పోవడం, అదీ దాని ప్రాణం. తర్వాత కాలంలో నీళ్ళకీ బురదకీ పరిమితమైంది.

ఉప్పుగాలి:
నెదర్లాండ్స్‌లో గ్రోనింగన్ నుంచి. ఇక్కడ ఉత్తర తీరమంతా వాడెన్‌జే అనే లోతు తక్కువ సముద్రం. పేరులో ఉన్నది ఈ మాట చుట్టమే. ‘వాడ్’ అంటే పోటు తీసినప్పుడు బయటపడే ఒండ్రు నేల. ఈ వాడెన్‌జే 2009 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. పోటు తీశాక గైడు వెంట దీవుల దాకా నడిచిపోవడం ఇక్కడ సరదా, ‘వాడ్‌లోపెన్’ అంటారు. నేనోసారి వెళ్ళా. బూటు లేసులు చీలమండకి బిగించి కట్టమన్నారు. ఎందుకో పది అడుగుల్లో తెలిసింది. పిక్కల దాకా దిగబడింది, కాలు లాగితే ‘ప్చక్’మని బురద పట్టుకుని వదలదు. మా ఊళ్ళో దమ్ము చేసిన మడిలో నాట్లేసే ఆడవాళ్ళు గుర్తొచ్చారు, వాళ్ళకైతే ఇది నవ్వులాట. నీళ్ళు చీలమండ దాటని చోట కూడా నా నడక వేడింగే.

పాతపలక:
అబ్బ, పరువు నిలిచింది. ఇంకోటి. ‘వేడింగ్ త్రూ ఫైల్స్’ని తెలుగులో ఏమనాలి? పుస్తకంలో “ఫైళ్ళలో ఈదుతూ” అని ఉంది.

కాలవగట్టు:
దానికేం, బాగానే ఉంది. సంసారం ఈదుతున్నాం, ఫైళ్ళు ఈదలేమా?

మూడోబెంచి:
ఈత వేరండీ, అందులో కాలు నేలకి ఆనదు. వేడ్‌లో ఆనాలి. ఆ తేడా మనవాళ్ళకి బాగా తెలుసు. చీలమండల్లోతు, మోకాల్లోతు, మొలలోతు, పీకల్లోతు అని ఒళ్ళే కొలబద్దగా పెట్టుకున్నాం. సంస్కృతంలోనూ కాలు అందే నీళ్ళు గాధం, అందనివి అగాధం. మనం అగాధాన్నే తెచ్చుకుని గాధాన్ని రేవులో వదిలేశాం. ఫైళ్ళకైతే నేను “కుస్తీపడుతూ” అంటా. నీళ్ళు పోతే పోయాయి.

ఉప్పుగాలి:
అవగాహన అంటే మొదట నీళ్ళలో దిగి మునగడమేగా?

మూడోబెంచి:
అవును. అవగాహమంటే మునక, స్నానం. ఇప్పుడు అవగాహన సదస్సుల్లో వాటర్ బాటిళ్ళొక్కటే మిగిలాయి.

కాలవగట్టు:
చూశారా, మళ్ళీ నీళ్ళే వచ్చాయి. వాగు సంగతి మాత్రం నేను వదల్ను.