ఈజెడ్‌హెచ్2ని ఆపే మందు వేసినా హెచ్3కే27ఎంఈ3 బ్యాండ్ తగ్గట్లేదు

కోనసీమ బయోటెక్ (అమలాపురం):
రాజీ సెల్స్‌కి (బి సెల్ క్యాన్సర్ అయిన లింఫోమా నుంచి వచ్చిన లైన్) ఈజెడ్‌హెచ్2 ఎంజైమ్‌ని ఆపే టాజెమెటోస్టాట్ 1 మైక్రోమోలార్ ఇచ్చి 24 గంటలకి వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో విడదీసి యాంటీబాడీతో చూసే పరీక్ష) చేస్తే హెచ్3కే27ఎంఈ3 బ్యాండ్, అంటే డీఎన్‌ఏ చుట్టుకునే హెచ్3 హిస్టోన్ ప్రొటీన్ మీద ఆ ఎంజైమ్ పెట్టే మూడు మిథైల్‌ల గుర్తు, కంట్రోల్‌తో సమానంగానే వస్తోందండి. మందు పాడైందంటారా? ఇంకోటి, ఈజెడ్‌హెచ్2 పని జీన్లను మూసిపెట్టడమే కదా, అది లేకపోతే బి సెల్స్ ఎదుగుదల ఎందుకు ఆగాలి?

గోదావరి కల్చర్ (కాకినాడ):
మందుని అనుమానించే ముందు గంటలు చూడండి. ఇది కొత్త మిథైల్ గుర్తు పడకుండా ఆపుతుంది గానీ, ఉన్నదాన్ని చెరపదు. సెల్ విడిపోయినప్పుడల్లా పాత హిస్టోన్లు రెండు పిల్ల సెల్స్‌కీ పంచుకుపోతాయి, పక్కన చేరే కొత్తవాటికి గుర్తు ఉండదు. అలా విభజనకి దాదాపు సగం చొప్పున పలచబడాలి. మిథైల్‌ని చెరిపే డీమిథైలేజ్ ఎంజైమ్‌లు కొంత తీస్తాయి, వాటినే నమ్ముకుంటే కుదరదు. కనీసం 4 రోజులు ఉంచండి, 2 రోజులకోసారి మందు కలిపిన తాజా మీడియం ఇవ్వండి. ఫ్లాస్క్ కిక్కిరిస్తే విభజన మందగించి గుర్తూ నిలిచిపోతుంది. మిల్లీలీటరుకి 3 లక్షల సెల్స్‌తో మొదలెట్టి 10 లక్షలు దాటనివ్వకండి. కంట్రోల్‌లోనూ అంతే డీఎంఎస్‌ఓ (మందు కరిగించే ద్రావకం) ఉండాలి, 0.1 శాతం మించొద్దు.

బ్లాట్ భీమవరం:
జెల్ కూడా చూసుకోండి. హెచ్3 సుమారు 15 కిలోడాల్టన్లే, 10 శాతం జెల్‌లో డైతో పాటే కిందికి పోతుంది. 15 శాతం పోయండి, మెంబ్రేన్ 0.2 మైక్రాన్లది వాడండి. యాసిడ్‌తో తీసిన హిస్టోన్లకి యాక్టిన్ (లోడ్ సరిచూడ్డానికి మామూలుగా వాడే ప్రొటీన్) పోలిక పనికిరాదు, మొత్తం హెచ్3తోనే పోల్చాలి. లోడ్ ఎక్కువైతే బ్యాండ్ నిండిపోయి, తగ్గినా తెలీదు. అదే శాంపిల్‌ని సగం, పావు కూడా వేసి చూడండి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫ్రీజర్లోంచి తీసిన స్టాక్ గది వేడికి వచ్చాకే మూత తియ్యండి. డీఎంఎస్‌ఓ నీటిని ఇట్టే లాగేస్తుంది.

మజ్జ టు లింఫ్ నోడ్ (రాజమండ్రి):
రెండో ప్రశ్నకి: ఏ దశలో ఏది మూసి ఉండాలన్నదే ఇక్కడ కీలకం. 2003లో ఎలుకల్లో ఈజెడ్‌హెచ్2 తీసేస్తే ప్రో-బి దశ (మజ్జలో బి సెల్స్ తొలి దశ) దాటడం కష్టమైంది, యాంటీబాడీ హెవీ చైన్ జీన్‌లో దూరంగా ఉన్న వీ ముక్కలు సరిగా అతుక్కోలేదు. తర్వాత జెర్మినల్ సెంటర్లో (లింఫ్ నోడ్‌లో బి సెల్స్ వేగంగా విడిపోయే చోటు) ఇదే ప్రొటీన్ విభజనని ఆపే పీ21నీ, ప్లాస్మా సెల్స్‌గా మార్చే బ్లింప్1నీ అణిచి ఉంచుతుంది. అందుకే సెల్స్ వేగంగా విడిపోగలుగుతాయి, తొందరపడి యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా సెల్స్‌గా మారిపోవు. దాన్ని తీసేస్తే సెంటర్లే సరిగా ఏర్పడవు. ఇక ఈజెడ్‌హెచ్2లో 641వ అమైనో ఆమ్లం మారే వై641 మ్యుటేషన్ వస్తే ఎంజైమ్ డైమిథైల్‌ని ట్రైమిథైల్‌గా మార్చడంలో మరీ చురుగ్గా ఉంటుంది. ఆ అణిచివేత వదలక లింఫోమాకి దారి తీస్తుంది.

కోనసీమ బయోటెక్ (అమలాపురం):
ఆయ్, అర్థమైందండి. 4 రోజులకి గుర్తు తగ్గితే సెల్స్ చావాలా?

మజ్జ టు లింఫ్ నోడ్ (రాజమండ్రి):
అక్కర్లేదండి. ఆ మ్యుటేషన్ లేని లైన్లలో గుర్తు బాగా పడిపోయినా సెల్స్ మామూలుగానే పెరగొచ్చు. చావుని కాదు, పీ21, బ్లింప్1 ఆర్‌ఎన్‌ఏ పెరిగిందా అని 4, 6 రోజులకి క్యూపీసీఆర్‌లో చూడండి.