చీకట్లో ఆయిల్ రంగులు కలపడం ఎలా?

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. మా అత్తగారి పనులు, పిల్లలు, వంట అన్నీ పోగా బొమ్మలు వేసుకోవడానికి దొరికేది తెల్లవారుజామున ఓ గంట, పొద్దుగూకే వేళ ఓ అరగంట.

ఆస్ట్రేలియా చిత్రకారిణి క్లారిస్ బెకెట్ గురించి చదివాక కాస్త ధైర్యం వచ్చింది. 1887లో పుట్టిన ఈవిడ ఇక్కడే శివార్లలో, బ్యూమారిస్ సముద్రతీరంలో, తల్లిదండ్రుల్ని చూసుకుంటూ ఎక్కువగా ఆ రెండు వేళల్లోనే వేసేవారు. సామాన్లన్నీ చిన్న తోపుడుబండిలో. పొగమంచు, తడి రోడ్డు, దూరంగా కారు లైట్లు. గీత కనపడదు, అన్నీ మెత్తటి ఛాయలే. 1935లో న్యుమోనియాతో పోయారు, 48 ఏళ్లకే. తర్వాత వందల బొమ్మలు ఒక పాకలో ఎలుకలకీ వానకీ పాడైపోయాయట. కడుపు తరుక్కుపోతుంది.

నా సమస్య ఏంటంటే, ఆ వెలుతురులో పాలెట్ మీద రంగు సరిగ్గా తెలియదు. అక్కడ అద్భుతం అనుకున్నది ఇంటికొచ్చి లైటు కింద చూస్తే బురద! తలకి లైటు పెట్టుకుంటే ఎదురుగా ఉన్న మసక మాయమైపోతుంది. నాలుగైదు బూడిద ఛాయలు ఇంట్లోనే కలిపి తీసుకెళ్లాలా? ఆవిడ గురువు మాక్స్ మెల్డ్రమ్ రంగు కన్నా ముందు వెలుగునీడల తేడా పట్టుకోమనేవారు. అంటే ఛాయ కుదిరితే రంగు కొంచెం తప్పినా ఫర్లేదా?

ఇంకొకటి. అడిలైడ్‌లోని ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియాకి ఈమధ్య వెళ్లినవాళ్లెవరైనా ఉన్నారా? ఆవిడ బొమ్మలు ఇప్పుడు గోడ మీద ఉన్నాయో లేదో చెప్తే టికెట్లు తీసుకుంటాను.